రాయి పొడైంది సరే, స్టెంట్ తీయించారా?

ఆపరేషన్ థియేటర్‌లో రోగి మత్తులో ఉన్నాడు. ఒంటి మీద ఎక్కడా కోత లేదు. మూత్రద్వారం గుండా లోపలికి పంపిన సన్నని ఎండోస్కోప్ మూత్రాశయం దాటి, మూత్రనాళం వెంట పైకెక్కి, కిడ్నీలోకి చేరింది. తెర మీద గులాబీ రంగు గోడల మధ్య గరుకుగా ఒక రాయి, దాని మీద ఆకుపచ్చ చుక్క. సర్జన్ కాలితో పెడల్ నొక్కగానే టకటకమని చప్పుడు మొదలవుతుంది. రాయి అంచు నుంచి దుమ్ము లేచి తెర మసకబారుతుంది. పెడల్ వదిలేసి, సెలైన్ ఆ దుమ్మును కడిగేదాకా ఆగి, మళ్లీ నొక్కుతారు. చూపు సరిగా ఆనకుండా లేజర్ పేల్చడమంటే కిడ్నీ గోడకు ముప్పు తేవడమే కాబట్టి ఆ ఆగడంలోనే సర్జన్ పనితనం తెలుస్తుంది.

తెర మీది ఆకుపచ్చ చుక్క గురి కోసం వేసే వెలుగు మాత్రమే. రాయిని పగలగొట్టే కిరణం కంటికి కనిపించదు. హోల్మియం అనే లోహ మూలకం సాయంతో పుట్టే ఆ కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 2,100 నానోమీటర్లు. దీన్ని నీరు ఇట్టే పీల్చేసుకుంటుంది. అర మిల్లీమీటరు నీటిని దాటేలోపే శక్తి చాలావరకు హరించుకుపోతుంది. కిడ్నీలో వాడేందుకు ఇది పనికొచ్చింది కూడా ఆ గుణం వల్లే. కిరణాన్ని మోసుకొచ్చే ఫైబర్ కొసను ఆనించిన చోట రాయి వేడెక్కి పగులుతుంది, కాస్త ఎడంగా ఉన్న గోడ జోలికి కిరణం పోదు. ఆ ఫైబర్ మందం సుమారు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. ఒక్కో దెబ్బ శక్తి తగ్గించి, దెబ్బల వేగం పెంచితే రాయి పొడిగా రాలుతుంది. శక్తి పెంచి వేగం తగ్గిస్తే ముక్కలవుతుంది. పొడి మూత్రంలో పోతుంది, ముక్కల్ని సన్నని తీగ బుట్టతో పట్టి బయటికి లాగుతారు. ఇప్పుడు థులియం ఫైబర్ లేజర్ కూడా వచ్చింది. దాని కిరణాన్ని నీరు ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది, రాయి మరింత మెత్తటి పొడి అవుతుంది.

ఇక్కడిదాకా రావడానికి చాలాకాలం పట్టింది. మూత్రాశయంలోని రాయిని కోసి తీసే పద్ధతిని సుశ్రుతుడు వివరించాడు. అమెరికాలో శాస్త్రవేత్త మేమన్ తొలి లేజర్‌ను వెలిగించింది 1960లో. ఎనిమిదేళ్లకే రూబీ లేజర్‌ను మూత్రపిండాల రాళ్ల మీద ప్రయోగించి చూశారు. రాయి పగిలింది కానీ, పుట్టిన వేడి మనిషి ఒంట్లో వాడదగ్గది కాదు. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో వైద్యుడు షాసీ బృందం ఒంటి బయటి నుంచే షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టింది. ఆ యంత్రాన్ని చేసింది విమానాల కంపెనీ డోర్నియర్. హోల్మియం లేజర్ 1990లలో ఆసుపత్రులకు చేరింది.

అలాగని ప్రతి రాయికీ లేజర్ అక్కర్లేదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కిడ్నీలో 2 సెంటీమీటర్లు దాటిన రాయికి సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతే మేలు. నాళంలో రాయి అడ్డుపడి, చలిజ్వరం కూడా వస్తే అది అత్యవసరం. అప్పుడు ముందు మూత్రానికి దారి చేస్తారు, రాయి సంగతి తర్వాత. ఆ స్థితిలో కొండపిండాకు రసం, ఉలవకట్టు తాగుతూ ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. బీరు తాగితే రాయి పడిపోతుందన్న మాటను ఎవరూ నమ్మొద్దు.

ఇక అసలు విషయం. లేజర్ తర్వాత నాళం వాచి మూసుకుపోకుండా చాలామందికి డీజే స్టెంట్ వేస్తారు. పాతిక సెంటీమీటర్ల మెత్తటి గొట్టం అది. ఒక కొస కిడ్నీలో, రెండో కొస మూత్రాశయంలో చుట్టుకుని కూర్చుంటుంది. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం వచ్చినట్టుంటుంది, నడుము లాగుతుంది, అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా వస్తుంది. ఇబ్బంది లేని కేసుల్లో రెండు వారాల్లోపే తీసేస్తుంటారు. మత్తు జెల్ రాసి, కొద్ది నిమిషాల్లో లాగేసే పని. కానీ కొందరికి ఆ ఇబ్బంది అలవాటైపోతుంది. రాయి నొప్పి పోయింది కదా అని నాట్లకు వెళ్లిపోతారు, ఇటుక బట్టీకి వెళ్లిపోతారు, గల్ఫ్ విమానం ఎక్కేస్తారు. నెలలు గడిచేకొద్దీ ఆ గొట్టం చుట్టూ లవణాలు పేరుకుని, అదే కొత్త రాయికి పునాది అవుతుంది. గొట్టం పెళుసెక్కి లోపలే విరగవచ్చు. కిడ్నీనే పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అంత గొప్ప యంత్రంతో కాపాడిన కిడ్నీ ఒక మరుపుతో పోవడం నాకు మింగుడుపడదు.

తప్పంతా రోగిదే అంటే నేను ఒప్పుకోను. డిశ్చార్జి కాగితం ఇంగ్లిష్‌లో, డాక్టరు గొలుసు రాతలో ఉంటే, చదువురాని కూలీకి స్టెంట్ ఉందని ఎలా తెలుస్తుంది? స్టెంట్ వేసిన ప్రతి ఒక్కరి పేరూ రిజిస్టరులో రాసి, గడువు రాగానే ఫోన్ చేసి పిలవడం ఆసుపత్రి బాధ్యత. తీయించుకోవాల్సిన తేదీని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసివ్వడానికి ఖర్చేమీ కాదు.

రాయి మళ్లీ పుట్టకుండా చూడటం లేజర్ చేసే పని కాదు. రోజుకు రెండున్నర లీటర్ల దాకా మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. మన ఎండల్లో పనిచేసేవారు ఇంకా ఎక్కువ తాగాలి. ఉప్పు తగ్గించాలి. కాల్షియం రాళ్లని చెప్పి పాలు, పెరుగు మానెయ్యొద్దు. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టేస్తుంది కాబట్టి అది మేలే చేస్తుంది. మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడమే మానేసే ఆడపిల్లలకు, బస్సు కండక్టర్లకు ఈ సలహా ఒక్కటే చాలదు. వాళ్లకు ముందు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి.

మీ ఇంట్లో ఎవరైనా రాయి ఆపరేషన్ చేయించుకుని ఉంటే, ఆరోగ్యశ్రీలో అయినా సొంత డబ్బుతో అయినా, ఈరోజే ఆ కాగితాలు తీసి చూడండి. స్టెంట్ వేశారని రాసి ఉండి, తీసినట్టు ఎక్కడా లేకపోతే రేపే యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.