కంపెనీ ఆపేసినా జిప్సీ ధర ఎందుకు పడలేదు?

నాగార్జునసాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం వెళ్లే దారిలో వచ్చే మన్నెగూడ పేరు హైదరాబాద్ తూర్పు శివార్లలో బండి ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. చేవెళ్ల దాటాక బీజాపూర్ రోడ్డులో వచ్చే మన్నెగూడ వేరు. ఇది రంగారెడ్డి జిల్లా రవాణా శాఖ కార్యాలయం ఉన్న మన్నెగూడ. కొత్త బండికి నంబరు, అమ్మిన బండికి పేరు మార్పు, పదిహేనేళ్లు నిండిన బండికి ఫిట్‌నెస్ ఇక్కడే చూస్తారు. కంపెనీ తయారీ మానేసిన ఒక కొండదారి బండి నేటికీ ఎంత పలుకుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఇలాంటి కార్యాలయంలోనే ఉంటుంది. మిగతా సగం మెకానిక్ షెడ్డులో ఉంటుంది. పాత బండి ధరకు అభిమానం, జ్ఞాపకాలు, అరుదుతనం కారణమని చాలామంది నమ్ముతారు. మారుతి జిప్సీ చరిత్రను జాగ్రత్తగా చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఆ బండి చేసే పనికి మరో బండి రాకపోవడం, దాని విడిభాగాలు దొరుకుతూ ఉండటం, దాని ఆర్సీ చెల్లుతూ ఉండటం, ఈ మూడూ కలిసే దాని ధరను నిలబెట్టాయి.

ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం. దాని మూలం జపాన్‌లో ఉంది. హోప్ మోటార్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన ఫోర్‌బైఫోర్ బండి హక్కులను సుజుకి 1968లో కొని, 1970లో జిమ్నీ పేరుతో బుల్లి జీపును మార్కెట్లోకి తెచ్చింది. 1980ల మొదట్లో వచ్చిన దాని తర్వాతి తరం ఎస్‌జే410. దాన్నే పొడవు పెంచి మారుతి ఉద్యోగ్ 1985 డిసెంబరులో జిప్సీగా మన రోడ్ల మీదకు వదిలింది. మొదట్లో 970 సీసీ పెట్రోలు ఇంజిన్, నాలుగు గేర్లు ఉండేవి. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1298 సీసీ ఇంజిన్, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో ఆ ఇంజిన్‌కు కార్బ్యురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ అమర్చడంతో శక్తి 80 హార్స్‌పవర్‌కు చేరింది. అంతకుమించి మూడు దశాబ్దాల్లో పెద్దగా మారిందేమీ లేదు. నిచ్చెన ఆకారపు ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, నాలుగు మూలలా కమాన్ కట్టలు చివరి బండిదాకా అలాగే ఉన్నాయి.

పాతబడిన ఈ నిర్మాణమే దాని బలం. బండి బరువు టన్నుకు కాస్త తక్కువ. బురదలోనో ఇసుకలోనో దిగబడేటప్పుడు ఇంజిన్ శక్తి కన్నా ముందు లెక్కకొచ్చేది బరువు. టైరు నేలను ఎంత నొక్కుతుందో దాన్నిబట్టే కూరుకుపోవడం, తేలడం ఉంటాయి. తేలిక బండి తేలుతుంది, దిగబడినా నలుగురు పట్టి నెడితే బయటపడుతుంది. రెండోది ట్రాన్స్‌ఫర్ కేస్. గేర్‌బాక్స్ నుంచి వచ్చే తిప్పుడుబలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె ఇది. అందులో లో రేంజి వేస్తే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, తిప్పుడుబలం ఆ మేరకు పెరుగుతుంది. అందుకే చిన్న ఇంజిన్‌తోనే జిప్సీ నిట్టనిలువు గుట్టను నడక వేగంతో, క్లచ్ కాలకుండా ఎక్కగలదు. గట్టి యాక్సిల్ వల్ల ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు రెండో చక్రం నేలకు నొక్కుకుంటుంది. ఇందులో కంప్యూటర్ చేసే పని దాదాపు ఏమీ లేదు. చెడిపోతే స్పానరు, సుత్తి, జాకీతో అడవి మధ్యలోనే విప్పి బిగించుకోవచ్చు. సైన్యం 30 వేలకు పైగా జిప్సీలను వాడుకోవడానికి, హిమాలయ ర్యాలీల్లో అవి ఏళ్ల తరబడి కనిపించడానికి కారణం ఇదే.

అలాంటి బండిని ఎందుకు ఆపేశారు? కొనేవాళ్లు పూర్తిగా లేక కాదు. మామూలు కుటుంబాలు దాన్ని కొనడం తగ్గిపోయిన మాట నిజమే. అసలు దెబ్బ మాత్రం నిబంధనల నుంచి వచ్చింది. 2019లో పాత మోడళ్లన్నిటికీ ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఢీకొన్నప్పటి రక్షణ పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. 1980ల నాటి ఛాసిస్‌ను వీటన్నిటికీ సరిపడేలా మార్చాలంటే కొత్త బండి తయారుచేసినంత పని. 2019 మొదట్లోనే మారుతి జనానికి అమ్మడం మానేసింది. సైన్యానికి మినహాయింపు ఉండటంతో 2020లో కూడా వాళ్లకు సరఫరా చేసింది. ఆఖరి రోజుల్లో షోరూం ధర 6 లక్షలు దాటి ఉండేది. మామూలు కారైతే తయారీ ఆగిందన్న వార్తతోనే దాని సెకండ్‌హ్యాండ్ ధర జారిపోతుంది. జిప్సీకి అలా జరగలేదు. తుప్పు పట్టని ఛాసిస్, సరైన కాగితాలు ఉన్న బండిని వదులుకోవడానికి యజమానులు తొందరపడటం లేదు.

దీనికి చాలామంది చెప్పే కారణం అరుదుతనం: ఇక కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటికి గిరాకీ. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ రెండు సాక్ష్యాలు దానికి అడ్డం వస్తాయి. జనరల్ మోటార్స్ ఇక్కడ అమ్మిన షెవ్రోలే ఫారెస్టర్ కూడా నాలుగు చక్రాలూ తిరిగే బండే, పైగా జిప్సీ కన్నా ఎన్నో రెట్లు అరుదైనది. ఆ కంపెనీ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు మానేశాక దాని బండ్లన్నిటి ధరలూ కుంగాయి. విడిభాగం ఎక్కడి నుంచి తెప్పించాలో తెలియని బండి ఎంత అరుదైనదైనా దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు పదిసార్లు ఆలోచిస్తాడు. రెండో సాక్ష్యం జిప్సీదే. సైన్యం వాడి పక్కనపెట్టిన జిప్సీలు వేలంలో విడతలు విడతలుగా బయటికి వస్తూనే ఉన్నాయి. అరుదుతనమే ధరకు మూలమైతే వాటి రాకతో ధర పడిపోవాలి. జరిగింది దాదాపు ఉల్టా. వేలంలో కొన్న బండ్లలో కొన్ని రంగు మార్చుకుని రోడ్డెక్కుతాయి. మిగతావి విడిపోయి ట్రాన్స్‌ఫర్ కేసులుగా, యాక్సిల్ హౌసింగులుగా, తలుపులుగా మరెన్నో బండ్లకు ఆయుష్షు పోస్తాయి. సరుకు పెరిగిన కొద్దీ యంత్రం మీద నమ్మకం పెరిగింది.

విడిభాగాల విషయంలో జిప్సీకి ఇంకో అదృష్టం ఉంది. దాని 1298 సీసీ ఇంజిన్ కుటుంబానిదే ఎస్టీమ్ ఇంజిన్, మన దేశంలో వచ్చిన మొదటి తరం పెట్రోలు స్విఫ్ట్ ఇంజిన్ కూడా. అంటే ఎక్కువగా అరిగే ఇంజిన్ భాగాల కోసం అడవి బండి యజమాని ఊళ్లలో తిరిగే కుటుంబ కార్ల మార్కెట్‌నే ఆశ్రయించవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లోనో మన్నెగూడకు దగ్గర్లోని హయత్‌నగర్ ఆటోనగర్‌లోనో ఆ ఇంజిన్ చూసి తికమకపడే మెకానిక్ ఉండడు. మహీంద్రా పాత జీపులు బతికుండటానికీ ఇదే కారణం. 1940ల చివర్లో విల్లీస్ జీపు బిగింపుతో మొదలైన ఆ వంశం ఎంఎం540, కమాండర్, మేజర్ మీదుగా 2010 నాటి థార్ దాకా ఎక్కడా తెగలేదు. ఒక తరం భాగాలు కొంచెం సాన పడితే ఇంకో తరానికి సరిపోయేవి. పాడేరు, అరకు కొండల్లో మనుషుల్నీ కాఫీ బస్తాల్నీ మోసిన కమాండర్ జీపులు అన్నాళ్లు నడిచాయంటే ఆ నిరంతరాయమైన సరఫరా వల్లే. ఇటు పక్క సైన్యం కోసం జబల్‌పూర్ వాహన కర్మాగారం 1969 నుంచి మూడు దశాబ్దాలు చేసిన నిస్సాన్ జోంగా ఉంది. జీపు ప్రేమికులకు అదంటే ప్రాణం. కానీ దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌కు ఇంధనం పోయడం, భాగాలు వెతకడం కొద్దిమందికే సాధ్యం. దాన్ని కొని దాచుకునేవాళ్లు ఉంటారు గానీ రోజూ పనికి పెట్టేవాళ్లు ఉండరు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. 2023 జూన్‌లో మారుతియే ఐదు తలుపుల జిమ్నీని తెచ్చింది కదా, వారసుడు వచ్చాక తాత ధర ఎందుకు పడలేదు అని. జిమ్నీ మెరుగైన బండే: 1462 సీసీ ఇంజిన్, కాయిల్ స్ప్రింగులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, పైగా అదే నిచ్చెన ఛాసిస్, అదే లో రేంజి. కానీ విడుదలైనప్పుడు దాని ధర 12.74 లక్షల దగ్గర మొదలైంది, జిప్సీ ఆఖరి ధరకు ఇంచుమించు రెట్టింపు. బరువు రెండు వందల కిలోల దాకా ఎక్కువ. అంతకన్నా ముఖ్యమైనది, అందులో కూర్చునేది నలుగురే, పైకప్పు తీయడానికి వీల్లేదు. కాన్హాలో, రణథంబోర్‌లో, మన ఆదిలాబాద్ సరిహద్దుకు అవతల ఉన్న తడోబాలో పర్యాటకులను పులుల అడవిలోకి తీసుకెళ్లే పనికి కప్పులేని, వెనక బెంచీలు బిగించుకోగలిగిన తేలిక పెట్రోలు బండి కావాలి. సైన్యం సంగతీ అంతే. 2017లో 800 కిలోలు మోసే బండి కావాలనుకుని టాటా సఫారీ స్టార్మ్‌లకు 3,192 వాహనాల ఆర్డరు ఇచ్చింది. అయినా తేలిక బండి అవసరం తీరక జిప్సీలను వదల్లేదు. వారసుడు పేరును తీసుకున్నాడు, పనిని తీసుకోలేదు. చేసే పని ఖాళీగా ఉన్నంతకాలం ఆ పనికి తగిన పాత యంత్రానికి ధర ఉంటుంది.

ఇక కాగితం సంగతి. ఒకే యంత్రం, ఒకే వయసు, ఒకే స్థితి, చట్టం మాత్రం వేరైతే ఏమవుతుందో మన దేశమే చూపించింది. ఢిల్లీ పరిసరాల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో అక్కడి మంచి బండ్లు కూడా తుక్కు లెక్కకు దిగాయి. ఎన్‌వోసీ తీసుకుని నిషేధం లేని రాష్ట్రానికి చేరితే అదే బండికి మళ్లీ విలువ వచ్చింది. ఇనుములో ఏ మార్పూ లేదు. అమెరికాలో ఇదే సూత్రం తిరగబడి పనిచేస్తుంది. అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోని విదేశీ బండిని మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు, పాతికేళ్లు దాటితే మినహాయింపు ఉంటుంది. అందుకే 2016 జనవరి 29న సోలిహల్‌లో తయారీ ఆగిన ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో పాతికేళ్లు నిండిన పాత నమూనాలకు అక్కడ గిరాకీ. మన దగ్గర వయసు బండి విలువను తినేస్తుంటే, అక్కడ అదే వయసు దానికి తలుపు తెరుస్తోంది. రెండుచోట్లా ధరను కదిపింది చట్టమే.

తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన సొంత బండిని ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, అయిదేళ్లకోసారి ఆర్సీ పొడిగించుకుంటూ నడుపుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో కార్ల ఆర్సీ పొడిగింపు రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. మన్నెగూడ లాంటి కార్యాలయంలో పడే ఆ ముద్ర బండికి మరో అయిదేళ్ల బతుకు. రూపం మార్చిన బండికి ఇక్కడే చిక్కు. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల పాత జీపులకు వెడల్పు టైర్లు, వేరే ఇంజిన్లు, కొత్త బాడీలు కట్టడం ఓ పరిశ్రమ. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన మూల రూపాన్ని మార్చిన బండికి రిజిస్ట్రేషన్ చెల్లదని స్పష్టం చేసింది. అప్పటి నుంచి హంగులు పెంచితే ధర పెరుగుతుందన్న లెక్క తలకిందులైంది. ఆర్సీలోని నంబర్లతో సరిపోలే ఇంజిన్, ఛాసిస్ ఉన్న సాదా జిప్సీయే నిజంగా అమ్ముడుపోయే బండి.

ఎయిర్‌బ్యాగు లేని, ఏబీఎస్ లేని బండికి విలువ కట్టడమే తప్పు కాదా అన్న అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. దాన్ని తోసిపుచ్చలేం. జిప్సీకి సోదర బండి అయిన సుజుకి సమురాయ్ మలుపుల్లో సులభంగా పల్టీ కొడుతుందని 1988లో అమెరికా వినియోగదారుల సంస్థ ఒకటి దాన్ని ఆమోదయోగ్యం కాదని ప్రకటించింది. ఆ వివాదం కోర్టుకెక్కి 2004లో రాజీతో ముగిసింది. ఎత్తయిన, ఇరుకైన, పొట్టి బండి హైవే వేగంలో ప్రమాదకరమన్నది భౌతికశాస్త్రం చెప్పే మాటే. అయితే ధర ఎందుకు నిలిచిందన్నది ఒక ప్రశ్న, దాన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీద వందకు పైగా తోలవచ్చా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి నా జవాబు తోలకూడదనే. చేలగట్ల మీద, అడవి బాటలో, వాగు దాటే చోట దానికి సాటి వచ్చే బండి లేదు. దాని చోటు అదే.

ప్రభుత్వానికి చెప్పవలసిన మాట ఒకటి మిగిలింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన యాభై ఏళ్లు దాటిన బండినే వింటేజ్‌గా గుర్తిస్తుంది. మొదటి జిప్సీకి ఆ హోదా 2035 డిసెంబరు దాకా రాదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ముప్పై ఏళ్లను గీతగా పెట్టుకుంది, జర్మనీ ముప్పై ఏళ్లకే ప్రత్యేక నంబరు ఇస్తుంది. మన దగ్గర పదిహేనుకూ యాభైకీ మధ్య ముప్పై అయిదేళ్ల పాటు మూల రూపం చెడని బండినీ పొగ కక్కే తుక్కునూ చట్టం ఒకే వరసలో నిలబెడుతోంది. ముప్పై ఏళ్లు నిండిన, మూల రూపంలో ఉన్న, ఏడాదికి పరిమిత దూరమే తిరిగే బండ్లకు కఠినమైన పరీక్షతో వేరే కేటగిరీ ఇస్తే గాలికీ నష్టం ఉండదు, మన వాహన చరిత్రా మిగులుతుంది. అది వచ్చేదాకా జిప్సీ కొనాలనుకునేవాళ్లు రంగు, టైర్లు, లైట్లు చూసి బేరం ఆడొద్దు. ముందు ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోలుతుందో లేదో చూసుకోండి. తర్వాత బండి కింద పడుకుని, కమాన్ కట్టలు బిగించిన చోట ఛాసిస్‌కు తుప్పు పట్టిందేమో టార్చి వేసి చూడండి. అడ్వాన్సు ఇవ్వడం ఆ రెండూ సరిగ్గా ఉన్నాకే.