బతా వాగుకు తూమెంత?

రియాద్ నడిబొడ్డున ఉన్న బతా బజారు మన కార్మికులకు బాగా తెలిసిన చోటు. శుక్రవారం సాయంత్రం కిక్కిరిసే ఆ రోడ్డు ఒక వాగు దారి మీద ఉంది. పాత రియాద్‌కు పడమట హనీఫా వాదీ (వాగు), తూర్పున బతా వాదీ. రెండో దాని మీదుగా నగరం పెరిగిపోయింది.

ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన పడే ఊరికి వరద భయమేమిటి? అక్కడ వాన ఏడాదంతా పరుచుకుని పడదు. ఎప్పుడో కొన్ని గంటల్లో కుమ్మరిస్తుంది. రాతినేల, తారు రోడ్లు దాన్ని పీల్చుకోవు. 2009 నవంబరు 25న జెడ్డాలో కొన్ని గంటల వానకే వందమందికి పైగా చనిపోయారు.

ఇలాంటిచోట ఇంజినీర్లు ఎగువన ఒక చెరువు తవ్వుతారు. మామూలు రోజుల్లో అది ఎండి ఉంటుంది. వానొస్తే నీళ్లను పట్టి, మెల్లగా వదులుతుంది. అయితే దాని బలం లోతులో కంటే తూములో, అలుగులో ఉంది. తూము పెద్దదైతే వరద ఆగకుండా దాటిపోతుంది. మరీ చిన్నదైతే చెరువు ముందే నిండి, అసలు ఉధృతి వచ్చేసరికి చోటుండదు.

లెక్క చూడండి. ఒక మీటరు వ్యాసం ఉన్న తూము మీద రెండు మీటర్ల నీరు నిలిస్తే సెకనుకు సుమారు 3 ఘనపు మీటర్లు బయటికి పోతుంది. నీరు నాలుగు మీటర్లకు పెరిగినా ప్రవాహం 4.2 దాటదు. ఐదు మీటర్ల పొడవున్న అలుగు తీరు వేరు. దాని మీద అర మీటరు నీరు పొర్లితే 3 ఘనపు మీటర్లు, మీటరు పొర్లితే 8.5. అందుకే చిన్న వానలకు తూమును, అరుదైన పెద్ద వానలకు అలుగును వాడుకుంటారు.

అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం తయారు చేసిన హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్ వంటి సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను కొద్ది నిమిషాలకోసారి చొప్పున చేసుకుంటూ పోతుంది. వచ్చిన నీటిలోంచి పోయినది తీసేస్తే మిగిలింది నిల్వ. నిల్వను బట్టి మట్టం, మట్టాన్ని బట్టి మళ్లీ బయటికి పోయే నీరు. తూము కొలత మార్చి చూస్తే దిగువన వరద ఎంత తగ్గిందో గీతల్లో కనబడుతుంది.

మనం చెప్పనిది మాత్రం దానికి తెలియదు. ప్లాస్టిక్ సంచులు తూముకు అడ్డం పడితే, దిగువ కాలువ అప్పటికే నిండి నీటిని వెనక్కి నెడితే, ఫలితం తలకిందులవుతుంది. ఆలస్యంగా వదిలిన నీరు పక్క వాగు ఉధృతితో కలిస్తే మేలుకు బదులు కీడే.

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌కు ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. కంప్యూటర్ లేని ఆ రోజుల్లోనూ తేల్చాల్సింది ఇదే: ఎంత పట్టాలి, ఎంత వదలాలి. ఇప్పుడు వంద తూములను ఒక్క పూటలో పరీక్షించవచ్చు. వాటికి తోడు సగం మూసుకుపోయిన తూమును కూడా ఒకటి చేర్చి చూసినవాడే లెక్క పూర్తి చేసినట్టు.