మీకు తెలుసా? గూడ్సు ఇంజన్లకూ నీళ్ల కరువు ఉండేది

రాయలసీమలోని మైదుకూరుకు ఇప్పటికీ రైలు లేదు. కడపకో ప్రొద్దుటూరుకో పోయి ఎక్కాల్సిందే. ఆ ప్రొద్దుటూరుకైనా బండి వచ్చింది మొన్నమొన్న, 2016లో ఎర్రగుంట్ల–నంద్యాల లైను తెరిచాకే. అయినా రష్యా గూడ్సు ఇంజన్ల కథ కరువు సీమ వాళ్లకు బాగా అర్థమవుతుంది.

• రష్యా ‘ఎ’ తరగతి ఆవిరి ఇంజను 1912లో లుగాన్‌స్క్‌లో తయారు కావడం మొదలైంది. ఆగింది 1957లో. ఈలోగా జారు పోయాడు, విప్లవం వచ్చింది, రెండు ప్రపంచ యుద్ధాలు అయిపోయాయి. మొత్తం దాదాపు 11,000 ఇంజన్లు!

• దానికి ఉన్నవి పది చక్రాలు, పదీ లాగేవే. బరువంతా వాటి మీదే పడుతుంది కనుక పట్టాల మీద పట్టు గట్టిగా ఉండేది.

• విప్లవం తర్వాత సొంత కార్ఖానాలు మూలపడితే, సోవియట్ ప్రభుత్వం బంగారం ఇచ్చి జర్మనీలో 700, స్వీడన్‌లో 500 చేయించుకుంది.

• ఆవిరి ఇంజను బొగ్గు తింటుందని అందరికీ తెలుసు. అది తాగే నీళ్ల సంగతే ఎవరికీ పట్టదు. నీళ్లు దొరకని మధ్యాసియా ఎడారుల కోసం ‘ఎ’ వంశంలోనే పుట్టిన ‘ఎస్‌ఓ’ తరగతిలో ఒక రకం చేశారు. వాడిన ఆవిరిని గాలిలోకి వదలకుండా వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరులో చల్లార్చి, మళ్లీ నీళ్లుగా మార్చి బాయిలరుకే పంపేది. మామూలు ఇంజన్లో బయటికి చిమ్మే ఆవిరే పొగగొట్టంలో గాలిని లాగి మంటను రగిలిస్తుంది. ఇక్కడ ఆ ఆవిరి లేదు కాబట్టి ఫ్యాను పెట్టాల్సి వచ్చింది. నీళ్లు మిగిలాయి, మరమ్మతులు పెరిగాయి.

• ఉప్పునీళ్లు పోస్తే బాయిలరు లోపల గార కడుతుంది. అది మందమైతే వేడి నీటికి చేరదు, గొట్టాలు పాడవుతాయి. 1871లో రాయచూరు దాకా పూర్తయిన మద్రాసు లైనులో, చెయ్యేటి ఒడ్డున నందలూరులో పెద్ద స్టీమ్ లోకోషెడ్డు ఉండేది. ఆ ఏటి నీళ్లు బాయిలర్లకు బాగా పనికొచ్చేవని అక్కడివాళ్లు నేటికీ చెప్పుకుంటారు. అక్కడి సౌమ్యనాథస్వామి గుడి చూడబోయేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

• మన దేశంలో ఆ ‘ఎ’కి సాటి చెప్పదగ్గది డబ్ల్యూజీ గూడ్సు ఇంజను. 1950 నుంచి 1970 దాకా 2,450 తయారయ్యాయి. చిత్తరంజన్ కార్ఖానా చేసిన మొదటి దానికి ‘దేశబంధు’ అని పేరు పెట్టారు.

• రష్యా ఇంజన్ను తెచ్చి కడప స్టేషన్లో పెడదామన్నా కుదరదు. ఆ ఇంజన్ల కాలంలో వాళ్ల పట్టాల మధ్య దూరం 1,524 మిల్లీమీటర్లు, మనది 1,676. వాళ్లది ఆరంగుళాలు తక్కువ.