ఒక ప్రమాదము - ఒకే నివేదిక

ఒక వైద్యశాల కంప్యూటర్లలోనికి దుండగులు చొరబడి రోగుల వివరములను అపహరించిరనుకొందము. ఆ గడియలలో చేయవలసిన పనులు అనేకము. చెడిన యంత్రములను తక్కినవాని నుండి వేరుపరచవలెను. వైద్యము ఆగకుండ చూడవలెను. ఏమేమి పోయినదో తెలిసికొనవలెను. ఆ సమయముననే, జరిగినదానిని ప్రభుత్వ సంస్థలకు తెలియజేయవలసినదని చట్టము ఆజ్ఞాపించుచున్నది. ఈ విధి న్యాయమైనదే. ఒకచోట ఫలించిన ఉపాయమునే దుండగులు మరునాడు మరియొకచోట ప్రయోగింతురు. ముందుగా తెలిసినచో ఇతరులు జాగ్రత్తపడగలరు. చిక్కంతయు, ఆ ఒక్క సంగతిని ఎందరికి, ఎన్నిమారులు చెప్పవలెననునదే.

ఆ వైద్యశాల ఐరోపా సమాఖ్యలో ఉన్నదనుకొందము. 2018 మే 25 నుండి అమలులోనున్న వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము ప్రకారము, ప్రజలకు హాని కలుగగలిగినట్లు వివరములు బయటపడినచో 72 గంటలలోపల సమాచార రక్షణాధికారులకు తెలుపవలెను. 2022లో చేసిన ఎన్.ఐ.ఎస్.-2 అను ఆదేశము విద్యుత్తు, రవాణా, వైద్యము మొదలైన 18 రంగములకు సంబంధించినది. దాని ప్రకారము పెద్ద ప్రమాదము సంగతి తెలిసిన 24 గంటలలో తొలి హెచ్చరికయు, 72 గంటలలో వివరణయు, ఆపై ఒక నెలలో తుది నివేదికయు పంపవలెను. ఒకే దొంగతనమును గూర్చి వేర్వేరు అధికారులకు, వేర్వేరు పత్రములలో వ్రాయవలసివచ్చినదన్నమాట. పలుదేశములలో శాఖలుగల సంస్థకు ఈ భారము ఇంకను హెచ్చు.

దీనిని తొలగించుటకై ఐరోపా కమిషన్ 2025 నవంబరు 19న ఒక ప్రతిపాదనము చేసినది. సంస్థ ఒక్క ద్వారమున ఒక్కమారు తెలిపిన చాలును; అచ్చటినుండి ఆ సమాచారము తగిన అధికారులందరికిని చేరును. ఈ ఏర్పాటును ఎనీసా అను సమాఖ్య సైబర్ భద్రతా సంస్థ చేయవలెనని సూచించిరి. వ్యక్తిగత సమాచార విషయమున గడువును 96 గంటలకు పెంచి, అధిక హాని కలుగగల సందర్భములకే నివేదికను పరిమితము చేయవలెననియు అందు కలదు.

ఈ రెండు మార్పులును ఒక్కజాతివి కావు. మొదటిది పునరుక్తిని మాత్రమే తొలగించును. రెండవది అధికారులకు తెలియు సంగతులనే తగ్గించును. కావున దానిని జాగ్రత్తగా తూచవలెను. మరియు అందరి లోపములును ఒక్కచోట చేరినప్పుడు ఆ చోటు దుండగుల కంటబడక మానదు. ఆ ద్వారమునకు కావలి కూడ గట్టిగా ఉండవలెను.

నివేదిక ప్రమాదము జరిగిన పిదపటి మాట. ప్రమాదమును ఆపునది ముందు చేసిన రక్షణయే. 2017 మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమున అనేక దేశములకు ప్రాకినది. బ్రిటనులోని ప్రభుత్వ వైద్యశాలలలో వేలకొలది రోగుల చికిత్సలు వాయిదాపడినవి. ఆ ప్రోగ్రాము వాడుకొన్న లోపమునకు, అప్పటికి తాను సంరక్షించుచున్న విండోస్ రకములకు మైక్రోసాఫ్టు మార్చి నెలలోనే సవరణ నిచ్చియుండెను. దానిని సకాలమున అమర్చుకొనుట, సమాచారపు ప్రతులను వేరుగా భద్రపరచుట, పాస్‌వర్డుతోపాటు రెండవ గుర్తింపును కోరుట - సులభీకరణము పేర వీనిని సడలింపరాదు.

మన దేశమునందును ఈ ప్రశ్న కలదు. 2022 ఏప్రిల్ 28 నాటి ఉత్తర్వు ప్రకారము సైబర్ ప్రమాదములను, సంగతి తెలిసిన 6 గంటలలో సెర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెను. 2025 నవంబరులో ప్రకటించిన వ్యక్తిగత సమాచార నిబంధనలు, సమాచార రక్షణ మండలికి 72 గంటలలో వివరములు పంపుమనుచున్నవి. ఈ నియమము 18 నెలల పిదప అమలగునట్లు నిర్ణయించిరి. ఇచ్చటను ద్వారములు రెండగుచున్నవి. అయితే 2022 ఉత్తర్వు విషయమున చిన్న పరిశ్రమలకు సెప్టెంబరు 25 వరకు వ్యవధి యొసగిరి గాని, విధిని రద్దుచేయలేదు. సులభీకరణమునకు ఇది మంచి మార్గము. పదిమందితో నడచు సంస్థకైనను, ఎవరికి, ఎప్పుడు, ఏమి తెలుపవలెనో ఒక్క పుటలో తెలియునట్లు నిబంధనలుండవలెను. అట్లు మిగిలిన కాలమును ఆ సంస్థ తన తలుపులను భద్రపరచుకొనుటకు వినియోగింపవలెను.