కోల్‌కతా నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: దూరమెంత, చేరేదెప్పుడు?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు కాలిఫోర్నియా దాకా వెళ్లారు. వారి రాకపోకల సందర్భంలో ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్న ఒక్కటే: విమానం ఏ రోజు, ఎన్ని గంటలకు దిగుతుంది? టికెట్‌పై సమాధానం ఉంటుంది గాని, దానిని చదవడంలోనే పొరపాటు జరుగుతుంది.

ముందుగా దూరం. గోడకు వేలాడే పటం మీద రెండు నగరాలను సరళరేఖతో కలిపితే సుమారు 14,400 కిలోమీటర్ల దారి కనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి లాగితే అది చైనా, తూర్పు సైబీరియా దాటి, దాదాపు ఆర్కిటిక్ వలయం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా దిగుతుంది. ఇదే అతి దగ్గరి దారి. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను బట్టి భూకేంద్రం వద్ద ఏర్పడే కోణం సుమారు 113 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లకు కొంచెం పైగా లెక్కిస్తే సుమారు 12,600 కిలోమీటర్లు వస్తుంది.

దీనిని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే పద్నాలుగు గంటలు. బడిలో నేర్చిన లెక్క ఇక్కడితో ముగుస్తుంది. ఆకాశంలో గాలి దానిని మారుస్తుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగినా, ప్రయాణ కాలం దాదాపు రెండు గంటలు తగ్గింది. పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన ఎత్తుగాలులు తోడు కావడమే కారణం. తిరుగు ప్రయాణంలో అవే గాలులు ఎదురవుతాయి.

గాలికి తోడు దేశాల నిర్ణయాలూ ఉంటాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది. ఆ వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ముంబై వచ్చే ఎయిరిండియా విమానం కోల్‌కతాలో ఆగి వెళ్లింది.

టికెట్‌పై కనిపించే వ్యవధి గాలిలో ఉండే కాలం మాత్రమే కాదు. నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో నిలిచే వరకు లెక్క. అందుకే సుమారు 1,200 కిలోమీటర్ల కోల్‌కతా–హైదరాబాద్ ప్రయాణానికి కూడా రెండు గంటలకు పైగా వేస్తారు.

అసలు చిక్కు గడియారంలో ఉంది. టికెట్‌పై బయలుదేరే, చేరే వేళలు రెండూ ఆయా ఊళ్ల స్థానిక కాలాలే. శీతకాలంలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. జనవరి 10 రాత్రి 9 గంటలకు అక్కడ బయలుదేరి, పదహారున్నర గంటలు ప్రయాణించే విమానం ఉందనుకుందాం. ఆ రెండు అంకెలూ కలిపితే ముప్ఫై గంటలు. అంటే అది దమ్‌దమ్‌లో దిగేది 12వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు. ఒక్క రాత్రి ప్రయాణమే కదా అని 11న కారు మాట్లాడుకున్నవారు వృథాగా వెళ్లి రావలసిందే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు ఈ తేడా పన్నెండున్నర గంటలే.