రాకాసి గుళ్ళలో నిద్రించేదెవరు?

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, అడవి మధ్య, దామరవాయి గుట్ట ఉంది. నిలువు రాతిపలకలను గదిలా నిలిపి, పైన పెద్ద బండను కప్పిన ఇనుపయుగపు సమాధులు దానిపై గుంపులు గుంపులుగా ఉన్నాయి. చరిత్రకారులు వీటిని బృహత్ శిలా సమాధులంటారు. జనవ్యవహారంలో ఇవి రాకాసి గుళ్ళు.

ఈ పేరును తేలికగా తీసుకోలేం. కొన్నిచోట్ల ఇటువంటివే పాండవుల గుళ్ళయ్యాయి. కర్ణాటకలోని హిరేబెణకల్‌లో ఇవి ‘మోర్యులు’ అనే మరుగుజ్జుల ఇళ్ళు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని నిలువురాళ్ళు తిమ్మప్పగా, ఎల్లమ్మగా పూజలందుకుంటున్నాయి. రాక్షసుడు, ఇతిహాస వీరుడు, మరుగుజ్జు, దేవుడు: కట్టినవాడు ఎవరైనా కావచ్చునట, ఈ నేల మీద చెమటోడ్చిన మామూలు మనిషి తప్ప!

ఆ మనిషి పనితనం చూడండి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్విన సమాధిపై కప్పుబండ బరువు 40 టన్నులకు పైమాటే. యంత్రం లేదు, సమష్టి శ్రమ ఉంది. ఈ కాలపు సమాధుల్లో నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు దొరుకుతాయి. బండ పగలగొట్టడం, కుండ చేయడం, ఇనుము కరిగించడం తర్వాతి కాలంలో వడ్డెర, కుమ్మరి, కమ్మరి కులాలకు పుట్టుకతో అంటగట్టిన వృత్తులయ్యాయి. అంతమాత్రాన సమాధుల్లో ఉన్నవారు ఆ కులాల తాతలేనని నేను అనను. తవ్వకాల్లో కులమూలాలు వెతికే ఉత్సాహం మన ఉద్యమాల్లోనూ ఉంది. దానితో నాకు పేచీ. ఎముక మీద కులం రాసి ఉండదు. అలాగని అది సమసమాజమూ కాదు. చచ్చిన ప్రతివాడికీ 40 టన్నుల బండ దక్కి ఉండదు కదా!

ఇంతకన్నా గట్టి ఆధారం జన్యుశాస్త్రంలో ఉంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీసింగ్, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల కిందటి వరకు ఈ ఉపఖండంలోని జనసమూహాలు విస్తారంగా కలిసిపోయాయని, ఆ తర్వాత ఆ కలయిక అరుదైపోయిందని అది తేల్చింది. బృహత్ శిలా సమాధుల కాలంలో అధికభాగం ఆ కలయిక నడిచిన కాలంలోనే పడుతుంది. కులానికి ప్రాణం అంతర్వివాహమేనని 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ వాదించారు. ఆ తలుపు ఇంకా పూర్తిగా మూసుకోనినాటి జనం సమాధులివి. కులం సనాతనమని వాదించేవారు ముందు ఈ రాళ్ళకు జవాబు చెప్పాలి.

పేర్లు పెట్టే అధికారం ఇప్పటికీ చేతులు మారలేదు. తెలంగాణలో గత ప్రభుత్వం ఊరూరా శ్మశానాలు కట్టించి ‘వైకుంఠధామం’ అని బోర్డులు పెట్టింది. వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించేవి దహన వేదికలు. మృతులను మట్టిలో పూడ్చుకునే దళిత, ఆదివాసీ కుటుంబాలు ఎన్నో ఉన్న రాష్ట్రమిది. వారి చావుకు విష్ణువు చిరునామా ఎవరిని అడిగి రాశారు? ఊరి శ్మశానంలో మాల, మాదిగలకు వేరే హద్దు గీసే గ్రామాల్లో ఆ బోర్డు ఆ హద్దును చెరపనూ లేదు.

ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. రేపు దామరవాయికీ పర్యాటకులు పెరగవచ్చు, రోడ్డు, బోర్డు రావచ్చు. ఆ బోర్డు మీద ‘రాకాసి’ అన్న మాట ఉంటే ఉండనివ్వండి. దాని కింద, అది మనుషులు కట్టిన సమాధులకు తర్వాతివాళ్ళు పెట్టిన పేరని తెలుగులోనూ, చుట్టూ ఉన్న కోయల భాషలోనూ రాయాలి.