ఖడ్గమృగం మంటలార్పదు, నీటిగుర్రం నెత్తురు చెమర్చదు

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది టీవీలో చూసిన కెన్యా, టాంజానియాలే. చారల గుర్రాల బారులు, మొసళ్ల మధ్యగా నది దాటే వైల్డ్‌బీస్ట్ మందలు, జీపు పక్కనే ఆవులిస్తూ పడుకున్న సింహం. ఆ బొమ్మనే మనసులో పెట్టుకుని ఉగాండా వెళ్తే మొదటి రోజే నిరాశ తప్పదు. వైల్డ్‌బీస్ట్ మందల మహా వలస టాంజానియా, కెన్యాల సంగతి; ఉగాండాకు దానితో సంబంధం లేదు. ఆ దేశంలోకెల్లా పెద్దదైన మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కులో చారల గుర్రం ఒక్కటంటే ఒక్కటి కనిపించదు. వాటి కోసం దక్షిణాన లేక్ ఎంబురోకో, ఈశాన్య మూలనున్న కిడెపోకో పోవాలి.

అలాగని చూడటానికి ఏమీ లేదనుకుంటే అది ఇంకో పొరపాటు. ఖడ్గమృగాల వెనక కాలినడక, గడ్డి మైదానాల్లో జంతువులను చూస్తూ జీపులో తిరిగే గేమ్ డ్రైవ్, నైలు నదిలో పడవ ప్రయాణం, ఈ మూడూ ఒకే దారిలో దొరికే చోట్లు ఆఫ్రికాలో ఎక్కువ లేవు. కాకపోతే ఈ యాత్ర చుట్టూ అల్లుకున్న అపోహలు కూడా తక్కువేం కాదు.

“మూడు రోజుల్లో ముగిసేది సఫారీయేనా?”

ముగుస్తుంది. కంపాలా నుంచి గులు వెళ్లే హైవే మీద దాదాపు 170 కిలోమీటర్లు పోతే జీవా ఖడ్గమృగ సంరక్షణ కేంద్రం వస్తుంది. పొద్దున్నే బయల్దేరినవారు అక్కడ ఖడ్గమృగాలను చూసుకుని సాయంత్రానికి మర్చిసన్ చేరతారు. రెండో రోజు ఉదయం గేమ్ డ్రైవ్, మధ్యాహ్నం పడవ. మూడో రోజు జలపాతం పైభాగం చూసుకుని తిరుగు ప్రయాణం. దారిలోని బుడోంగో అడవిలో చింపాంజీలను చూడాలనుకుంటే ఇంకో రోజు కలుపుకోవడం మంచిది. “ఇదే మూడు రోజుల్లో గొరిల్లాలను కూడా చూపిస్తాం” అనే ఏజెంటును మాత్రం నమ్మకూడదు. గొరిల్లాలుండే బ్విండి అడవి దేశానికి మరో కొసన, నైరుతి సరిహద్దులో ఉంది. పోను ఒక రోజు, రాను ఒక రోజు రోడ్డు మీదే గడిచిపోతుంది.

“జీవా ఖడ్గమృగాలు అనాదిగా అక్కడి అడవుల్లో ఉన్నవే”

అసలు కథంతా ఇక్కడే ఉంది. ఉగాండాలో ఒకప్పుడు రెండు రకాల ఖడ్గమృగాలు వందల సంఖ్యలో తిరిగేవి: నైలుకు పడమటి వైపు ఉత్తరాది తెల్ల ఖడ్గమృగం, తూర్పు వైపు నల్ల ఖడ్గమృగం. నియంత ఇడీ అమీన్ పాలన, ఆ తర్వాతి అంతర్యుద్ధాల కాలంలో తుపాకులు పెరిగాయి, కాపలా పోయింది, వేటగాళ్లదే రాజ్యమైంది. 1983 నాటికి ఉగాండా అడవుల్లో ఒక్క ఖడ్గమృగం కూడా మిగల్లేదు.

ఇప్పుడు జీవాలో ఉన్నవి దక్షిణాది తెల్ల ఖడ్గమృగాలు. అంటే అక్కడి పాత కాపులు కావు, వాటికి దూరపు బంధువులు. 2005లో కెన్యాలోని సోలియో రాంచ్ నుంచి నాలుగు, మరుసటి ఏడు అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ నుంచి రెండు వచ్చాయి. మొత్తం ఆరు. ఒకప్పుడు పశువులు మేసిన 70 చదరపు కిలోమీటర్ల నేలకు కరెంటు కంచె కట్టి వాటిని వదిలారు. 2009లో తొలి దూడ పుట్టింది. తండ్రి కెన్యా నుంచి వచ్చింది, తల్లి అమెరికా నుంచి వచ్చింది. ఇక పేరు గురించి ఆలోచించే పని లేకపోయింది: ఒబామా! అప్పటికి దాదాపు మూడు దశాబ్దాలుగా ఉగాండా గడ్డ మీద ఖడ్గమృగం దూడ పుట్టలేదు. ఆడ ఖడ్గమృగం సుమారు 16 నెలలు మోసి ఒక్క దూడను ఈనుతుంది, మళ్లీ రెండు మూడేళ్లకు గానీ ఈనదు. అంత నిదానంగా పెరిగే జాతిలో ఆరు కాస్తా నలభై దాటాయంటే అది రేంజర్ల చలవే. రాత్రీ పగలూ సాయుధ కాపలా ఉంటుంది, ఏ జంతువు ఎక్కడ మేస్తోందో ఎప్పటికప్పుడు వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

అందుకే జీవాలో ఖడ్గమృగం కనిపించకుండా తిరిగి రావడం చాలా అరుదు. “కంచె లోపల చూడటం కూడా ఒక సఫారీయేనా” అని పెదవి విరిచేవారున్నారు. కంచె లేని రోజుల్లో ఏం జరిగిందో 1983 చెబుతుంది. ఇంకా చేదు నిజం కావాలంటే కెన్యాలోని ఓల్ పెజెటా వైపు చూడాలి. ఉగాండా ఒకప్పుడు పోగొట్టుకున్న ఆ ఉత్తరాది తెల్ల రకంలో ప్రపంచం మొత్తం మీద మిగిలినవి రెండే రెండు, నాజిన్, ఫాతు అనే తల్లీకూతుళ్లు. చివరి మగది, సూడాన్, 2018 మార్చిలో చనిపోయింది.

“తెల్ల ఖడ్గమృగం తెల్లగా, నల్లది నల్లగా ఉంటుంది”

రెండూ బూడిద రంగువే. ఏ మడుగులో పొర్లితే ఆ మట్టి రంగు. తేడా తెలుసుకోవాలంటే మూతి చూడాలి. తెల్లదానికి వెడల్పాటి చదునైన మూతి, తల వంచుకుని ఆవులా గడ్డి మేస్తుంది. నల్లదానికి కొక్కెంలాంటి పై పెదవి, దానితో పొదల ఆకులు, కొమ్మలు లాక్కుని తింటుంది. ఆఫ్రికాలోని ఈ రెండింటికీ రెండేసి కొమ్ములు. కాజీరంగాలో మనం చూసే దానికి ఒకటే.

ఆ కొమ్ము గురించి కూడా ఒక మాట. అది ఎముక కాదు, దంతం కాదు, మందు అసలే కాదు. మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరాటినే అందులోనూ ఉంది. జ్వరం తగ్గాలని ఆ పొడి మింగేవాడు గోళ్లు కొరుక్కున్నా అంతే ఫలితం దక్కుతుంది. అంతర్జాతీయంగా కొమ్ము వ్యాపారం మీద 1977 నుంచి నిషేధం ఉంది. చైనా 1993లో తన అధికారిక ఔషధ జాబితా నుంచి కూడా దాన్ని తీసేసింది. అయినా దొంగ వ్యాపారం ఆగలేదు.

“ఎక్కడ మంట కనిపించినా తొక్కి ఆర్పేస్తుంది”

ఈ నమ్మకం సినిమా పుణ్యం. 1980లో వచ్చిన ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’లో ఖడ్గమృగం పరుగున వచ్చి చలిమంటను తొక్కేసి పోతుంది. ఆ సినిమాను టీవీలో పదిసార్లు చూసి నవ్వుకున్న తరం మనది. అడవిలో ఏళ్ల తరబడి దాన్ని గమనించినవారెవరూ అలాంటి అలవాటును నమోదు చేయలేదు. మంట కనిపిస్తే అన్ని జంతువుల్లాగే అదీ దూరం పోతుంది.

మరి కాలినడకన వెళ్తే మీద పడదా? తెల్ల ఖడ్గమృగం నల్లదానికంటే చాలా నెమ్మది. దానికి చూపు తక్కువ. ముక్కు, చెవులు మాత్రం మహా చురుకు. అందుకే రేంజర్ గాలి వాలు చూసుకుని, మాటలు మాన్పించి, తన వెనక వరసగా నడిపిస్తాడు. రెండు టన్నుల శరీరం కాబట్టి పరుగెత్తలేదనుకోవడం తప్పు. గంటకు 40 కిలోమీటర్ల వేగం దానికి కష్టం కాదు, మనిషి దాని ముందు ఏపాటి? దూడ పక్కనున్న తల్లి దగ్గర సెల్ఫీ కోసం నాలుగడుగులు ముందుకు వేసేవారి గురించే రేంజర్ల భయమంతా.

“బిగ్ ఫైవ్ అంటే అడవిలో అన్నిటికన్నా పెద్ద జంతువులు”

అయితే చిరుతపులి అందులో ఎలా ఉంది, జిరాఫీ ఎందుకు లేదు? సింహం, చిరుత, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం: ఈ జాబితా రాసింది ప్రకృతి శాస్త్రవేత్తలు కాదు, వేటగాళ్లు. కాలినడకన వేటాడటానికి ప్రాణాంతకమైనవని వాళ్లు వేరు చేసిన అయిదు ఇవి. పర్యాటక సంస్థలు ఆ పేరును అరువు తెచ్చుకున్నాయి. ఖడ్గమృగాన్ని జీవాలో చూసి, మిగతా నాలుగింటి కోసం మర్చిసన్‌కు పోవాలి. వాటిలో చిరుత దొరకడం అదృష్టమే. సింహం కనిపించకపోతే డబ్బు దండగ అనుకునేవారికి గైడ్లు చెప్పేది ఒకటే: తెల్లవారుజామున బయల్దేరండి, ఎండెక్కితే అది పొద చాటున పడుకుంటుంది.

నిజానికి మర్చిసన్ ప్రత్యేకత సింహం కాదు, జిరాఫీ. ఆ పార్కులోని నూబియన్ జిరాఫీ ప్రపంచంలో చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడివన్నీ నైలుకు ఉత్తరపు ఒడ్డునే ఉండేవి. నది దాటి పోవడం వాటి వల్ల కాదు. 2016లో ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ వాళ్లు పద్దెనిమిది జిరాఫీలను లారీలకెక్కించి, ఫెర్రీ మీద నది దాటించి దక్షిణపు ఒడ్డున వదిలారు. పార్కు ఉత్తర భాగంలో చమురు బావుల పనులు మొదలవుతున్నాయి, గుంపంతా ఒకే చోట ఉంటే ముప్పు అని వారి లెక్క. జాతీయ పార్కులో చమురా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆల్బర్ట్ సరస్సు చుట్టుపక్కల నేల కింద చమురుంది, తవ్వకాలూ జరుగుతున్నాయి. ఏ కరపత్రంలోనూ కనిపించని సంగతి ఇది.

తెలుగు యాత్రికుణ్ని ఆగి చూసేలా చేసేది ఇంకొకటి ఉంది. ఆ జిరాఫీలు మేసే మైదానం నిండా తాటిచెట్లు! మన తాటికి ఆఫ్రికా సోదర జాతి. ఏనుగులు ఆ పండ్లను తిని, టెంకలను పేడతో పాటు దూరదూరాలకు చేరవేస్తాయి.

“నైలు ఈజిప్టు నది”

ఈజిప్టు దాని చివరి మజిలీ. విక్టోరియా సరస్సు నుంచి నైలు బయటికొచ్చే జింజా పట్టణం ఉగాండాలోనే ఉంది. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంత భాగాన్ని అక్కడే నదిలో కలిపారు. ఆ చోట ఆయన విగ్రహాన్ని 1997లో అప్పటి ప్రధాని ఐ.కె.గుజ్రాల్ ఆవిష్కరించారు. అయితే ఈ నీళ్లే ఈజిప్టును పోషిస్తున్నాయనుకోవడం మరో అపోహ. ఈజిప్టుకు చేరే నీటిలో సుమారు 85 శాతం ఇథియోపియా కొండల నుంచి వచ్చేదే.

“మర్చిసన్ ప్రపంచంలోనే ఎత్తైన జలపాతాల్లో ఒకటి”

ఎత్తు సుమారు 43 మీటర్లు. ఆదిలాబాద్ జిల్లాలోని మన కుంతాల జలపాతమూ దాదాపు అంతే. మర్చిసన్ గొప్పతనం ఎత్తులో లేదు, ఇరుకులో ఉంది. సెకనుకు సుమారు 300 ఘనపు మీటర్ల నీరు ఏడెనిమిది మీటర్ల రాతి సందులోంచి దూసుకొస్తుంది. 1864లో సామ్యూల్ బేకర్, ఆయన భార్య ఫ్లోరెన్స్ దీన్ని చూసి లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడి పేరు పెట్టారు. అమీన్ కాలంలో బ్రిటిష్‌వారిని ఎదిరించిన బున్యోరో రాజు కబలేగా పేరు వచ్చింది, అమీన్ పోయాక పాత పేరే తిరిగొచ్చింది. 1962 వరదల్లో నది పక్కనే ఇంకో దారి చేసుకుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది కాబట్టి ఆ కొత్త జలపాతాన్ని ఉహురు, అంటే స్వేచ్ఛ, అంటున్నారు.

పడవ జలపాతం కిందికి తీసుకెళ్తుందనుకుని కెమెరాకు ప్లాస్టిక్ సంచులు సర్దుకునేవారున్నారు. పారా రేవు నుంచి ఎదురీదుతూ దాదాపు 17 కిలోమీటర్లు వెళ్లాక, ప్రవాహం ధాటికి పడవ కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. నీటి తుంపర ఒంటి మీద పడాలంటే కాలిబాటన పైకెక్కాలి. బూటులాంటి ముక్కుతో ఉండే షూబిల్ కొంగను చూడాలనుకునేవారు టికెట్ కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. అది కనిపించే అవకాశం జలపాతం వైపు కాదు, ఎదురు దిక్కున, నది ఆల్బర్ట్ సరస్సులో కలిసే డెల్టాలో ఎక్కువ. ఆ పడవ వేరు, దాని టికెట్ వేరు.

“నీటిగుర్రం ఈతలో దిట్ట, కోపమొస్తే నెత్తురు చెమరుస్తుంది”

పడవలో అందరూ చూసేది దీన్నే. పగలంతా నీళ్లలోనే ఉన్నా అది ఈదదు. అడుగున నేల మీద నడుస్తుంది, కాళ్లతో తన్నుకుని పైకి లేస్తుంది, అయిదు నిమిషాల దాకా ఊపిరి బిగబట్టగలదు. చర్మం మీద కనిపించే ఎర్రటి ద్రవం నెత్తురూ కాదు, చెమటా కాదు. 2004లో జపాన్ పరిశోధకులు అందులోని ఎర్ర, నారింజ రంగు పదార్థాలను వేరు చేసి చూపారు. అవి ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటాయి, ఎర్రటిది కొన్ని బ్యాక్టీరియాను కూడా పెరగనివ్వదు. గడ్డి తినే జంతువే కదా అని దగ్గరికి పోవడం మాత్రం తగదు. రాత్రి మేతకు ఒడ్డెక్కిన దానికీ, నీటికీ మధ్య నిలబడటం కంటే ప్రమాదం లేదు. నది ఒడ్డు లాడ్జీల్లో చీకటి పడ్డాక కాపలాదారు తోడు లేకుండా గదికి వెళ్లనివ్వరు. అది మర్యాద కోసం కాదు.

ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న మొసలి మన మీదికి దూకడానికి సిద్ధంగా ఉన్నట్టు కాదు. ఒంటి వేడి తగ్గించుకోవడానికే ఎక్కువగా అలా చేస్తుంది.

“అడవికి పోతున్నాం, మిలిటరీ రంగు చొక్కా కొనాలి”

కొనొద్దు. ఉగాండాలో సైనికుల తరహా మచ్చల బట్టలు మామూలు పౌరులు వేసుకోవడం నేరం. విమానాశ్రయంలోనే ఇబ్బంది పడొచ్చు. ముదురు నీలం, నలుపు కూడా వద్దు. మర్చిసన్‌లో కుట్టే సెట్సీ ఈగలకు ఆ రంగులంటే ప్రీతి. వాటిని పట్టే ఉచ్చులను ఆ రంగు గుడ్డలతోనే కడతారు. ఖాకీ, గోధుమ రంగు బట్టలు ఉత్తమం.

ఇక అడవిలో భయపడాల్సింది సింహానికి అనుకునేవారికి అసలు లెక్క: మలేరియా 2023లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6 లక్షల మందిని బలి తీసుకుంది, వారిలో సుమారు 95 శాతం ఆఫ్రికాలోనే. బయల్దేరే ముందు డాక్టరును కలిసి మలేరియా నివారణ మాత్రలు రాయించుకోవాలి. లాడ్జిలో దోమతెర కట్టి ఉంటే అలంకారమని పక్కకు తోయకూడదు.

ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ “అక్కడ ఎవరడుగుతారులే” అనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన అపోహ. ఉగాండా అడుగుతుంది, తిరిగొచ్చేటప్పుడు మన దేశం ఇంకా గట్టిగా అడుగుతుంది. అది లేకుండా దిగినవారిని ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఆరోగ్య అధికారులకు ఉంది, అంటే సఫారీకి పట్టిన రోజులకు రెట్టింపు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు, ఆపై జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. విమానం టికెట్ కంటే ముందు అక్కడ తేదీ ఖాయం చేసుకోండి.